శాఖావిచారణలలో ఉద్యోగికి న్యాయవాది తోడు: తిరుమణి నేపథ్యమున ఒక చారిత్రక పరిశీలనము

1. తిరుమణియు దాని క్రొత్త కొలువులును

కర్ణాటక రాష్ట్రపు పటమున పావగడ తాలూకా స్థానము విలక్షణమైనది. ఆ తాలూకా తుమకూరు జిల్లాలోనిదైనను దానికి మూడువైపుల ఆంధ్రప్రదేశపు భూమియే యున్నది. మడకశిర, కల్యాణదుర్గము మున్నగు పూర్వపు అనంతపురము జిల్లా ప్రాంతములతో ఇచటివారికి పెండ్లి సంబంధములును, సంత సంబంధములును తరతరములుగ సాగుచున్నవి. ఇండ్లలో తెలుగు, కచేరీలలో కన్నడము ఇచటి వాడుక.

ఈ తాలూకాలోని గ్రామములలో తిరుమణి యొకటి. వానను నమ్ముకొని వేరుసెనగ పండించుకొనుచు, అనావృష్టికి ఓర్చుకొనుచు వచ్చిన ఈ ప్రాంతము ఇటీవలి కాలమున మరియొక కారణముచే ప్రసిద్ధి కెక్కినది. 2018 మార్చి 1వ తేదీన ప్రారంభింపబడిన సౌరవిద్యుత్ క్షేత్రము తిరుమణి, బళసముద్ర, క్యాతగానచెర్లు, వళ్ళూరు, రాయచెర్లు గ్రామముల భూములలో సుమారు 13,000 ఎకరములమేర వ్యాపించియున్నది. దాని సామర్థ్యము 2,050 మెగావాట్లు. రైతులు భూములను అమ్మలేదు; మొదట ఎకరమునకు సాలుకు 21,000 రూపాయల చొప్పున కౌలున కిచ్చిరి. భూమి కలవారికి కౌలు దక్కినది. భూమి లేక ఆ పొలములలో కూలి చేసికొని బ్రతికినవారిలో కొందరికి కాపలా పని, పలకలు కడుగు పని, గడ్డి కోయు పని దొరికినవి. అవి చాలవరకు కాంట్రాక్టర్ల క్రింది పనులు.

ఈ మార్పు కేవలము పని మారుట కాదు. పొలమున కూలికి పోయినవానికి నేడు పని లేకున్న రేపు వేరొక రైతు పొలమున్నది. కొలువున చేరినవానికి ఆ దారి లేదు. కొలువుతోపాటు మెమో, సంజాయిషీ, సస్పెన్షను, విచారణ, బర్తరఫు అను మాటలు గూడ వచ్చును. ఉపాధ్యాయుడు, బస్సు కండక్టరు, బ్యాంకు గుమాస్తా, విద్యుత్ క్షేత్రపు కాపలాదారు – వీరెవరికైనను ఒకనాడు అభియోగపత్రము చేతికి రావచ్చును. అప్పుడు పుట్టు ప్రశ్న చిన్నదిగ కనుపించినను బ్రతుకునకు సంబంధించినది: విచారణాధికారి యెదుట తన పక్షమున మాటలాడుటకు వేరొకని వెంట తెచ్చుకొను హక్కు ఉద్యోగికి కలదా? కలదేని, ఆ తోడు న్యాయవాదియే కావచ్చునా?

ఈ ప్రశ్నకు భారతదేశమున సుమారు నూరేండ్లుగ లభించుచు వచ్చిన సమాధానములను వరుసగ పరిశీలించిన యెడల ఒక విషయము తేటపడును. ఈ దేశమున ఉద్యోగికి న్యాయవాది తోడు అనునది ఉద్యోగి అవసరమును బట్టి పుట్టినది కాదు. అది యజమాని చేయు ఏర్పాటునకు నీడవలె నడచుచున్నది. యజమాని చట్టము చదివినవానిని ముందు నిలిపిననాడు ఆ నీడ పొడవగును. నిలుపనినాడు కుదించుకొని పోవును.

2. దొరవారి చిత్తము

పూర్వము ఉద్యోగమనగా ఏలినవారి అనుగ్రహము. కంపెనీ కాలమునను, ఆ తరువాత ఇంగ్లండు ప్రభుత్వపు కాలమునను, కొలువు ప్రభువు ఇష్టమున్నంతకాలమే యను సూత్రము చెల్లెను. మద్రాసు రాజధానిలోని కరణములు, మునసబులు, మైసూరు సంస్థానములోని శానుభోగులు, పటేళ్ళు వంశపారంపర్యముగ వచ్చిన వృత్తులవారైనను, పై అధికారి ఆగ్రహమునకు లోనైన యెడల వారికిని అధికారి సమక్షమున సంజాయిషీ చెప్పుకొనుట తప్పదాయెను. ఆ గ్రామోద్యోగములు మైసూరు రాష్ట్రమున 1961 నాటి చట్టముచేతను, ఆంధ్రప్రదేశమున 1984లోను రద్దయినవి.

ప్రభువు చిత్తమునకు మొదటి కట్టడి 1919 నాటి భారత ప్రభుత్వ చట్టమున కనుపించును. ఆ చట్టపు 96-బి విభాగము ఉద్యోగము ప్రభువు ఇష్టము చొప్పుననే అనుచునే, దానిని నియమములకు లోబరచినది. దాని ననుసరించి 1930లో వెలువడిన నియమావళిలోని 55వ నియమము ముఖ్యమైనది. ఉద్యోగిని తొలగింపవలె నన్న అభియోగములను స్పష్టముగ వ్రాసి ఇయ్యవలెను. అతని సమాధానమును స్వీకరింపవలెను. అతడు కోరిన యెడల సాక్షులను విచారింపవలెను, వారిని ప్రశ్నించుటకు అతనికి అవకాశ మీయవలెను. నేటి శాఖావిచారణకు అస్థిపంజరము అదియే.

ఐతే ఆ నియమమును ప్రభుత్వమే ఉల్లంఘించిన యెడల దిక్కేమి? ఈ ప్రశ్న మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయమునుండియే పుట్టినది. అచట రీడరుగ పనిచేసిన ఆర్. వెంకటరావు అను ఉద్యోగి తొలగింపబడి, 55వ నియమము చెప్పిన విచారణ తనకు జరుగలేదని దావా వేసెను. ఆ వ్యాజ్యము లండనులోని ప్రీవీ కౌన్సిలు వరకు పోయెను. 1936లో తీర్పు వచ్చినది. ఉద్యోగము అధికారుల చపలచిత్తమునకు కాక నియమములకు లోబడి యుండునని 96-బి విభాగము గంభీరమైన హామీ ఇచ్చుచున్నదని న్యాయమూర్తులు అంగీకరించిరి. కాని ఆ హామీని న్యాయస్థానమున దావా వేసి సాధించుకొను హక్కు ఉద్యోగికి లేదనిరి. హామీ కలదు, దానిని నిలబెట్టించు దారి లేదు. న్యాయవాది తోడు అను మాటకు అప్పటికి తావే లేదు.

నాడు పావగడ మైసూరు సంస్థానమున నుండెను. చుట్టునున్న గ్రామములు మద్రాసు రాజధానిలోనివి. బ్రిటిషు ఇండియా ఉద్యోగుల కొరకు ఏర్పడిన ఆ పార్లమెంటు చట్టపు రక్షణ సంస్థానోద్యోగికి వర్తింపదు. ఒకే భాష మాటలాడు ఇద్దరు బంధువులు సరిహద్దున కిరుప్రక్కల కొలువు చేయుచున్న యెడల, వారి కొలువునకు ఆధారమైన చట్టములు వేరు వేరై యుండెను.

3. రాజ్యాంగపు మాటయు, నియమావళి మాటయు

1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము ఈ భేదమును తొలగించినది. 311వ అధికరణము ప్రకారము ప్రభుత్వోద్యోగిని తొలగించుటకుగాని, స్థాయి తగ్గించుటకుగాని ముందు అతనికి సముచితమైన అవకాశ మీయవలెను. ఆ అవకాశమునకు అర్థమేమో సుప్రీంకోర్టు ఖేంచంద్ కేసున 1957 డిసెంబరులో వివరించినది. తాను నిర్దోషినని చెప్పుకొనుటకును, తనకు వ్యతిరేకముగ పలికిన సాక్షులను ప్రతిపరీక్ష చేయుటకును, తన సాక్షులను తెచ్చుకొనుటకును, ప్రతిపాదించిన శిక్షపై విన్నవించుకొనుటకును అవకాశముండవలె నని ఆ తీర్పు సారాంశము. వీనిలో చివరిదానిని 1976 నాటి 42వ సవరణ తొలగించినది.

ఇచట గమనింపదగిన భేద మొకటి కలదు. 22వ అధికరణము నిర్బంధింపబడినవానికి తాను కోరిన న్యాయవాదితో సంప్రదించి, అతనిచే వాదింపించుకొను హక్కును స్పష్టముగ ఇచ్చుచున్నది. 311వ అధికరణమున న్యాయవాది ప్రసక్తి లేదు. జైలునకు పోవువానికి వకీలు హక్కుగ లభించెను. ముప్పదేండ్ల ఉద్యోగమును, దానితో పింఛనును పోగొట్టుకొనువానికి ఆ హక్కు లభింపలేదు.

రాజ్యాంగము విడిచిన ఖాళీని నియమావళులు పూరించినవి. మైసూరు రాష్ట్రపు 1957 నాటి నియమములు నేటికిని కర్ణాటక నియమములుగ నున్నవి. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు 1965 నాటి నియమములు, ఆంధ్రప్రదేశ ఉద్యోగులకు 1963లోను పిదప 1991లోను చేసిన నియమములు ఏర్పడినవి. కేంద్ర నియమావళిలోని 14వ నియమపు 8వ ఉపనియమము ఈ విషయమున మాదిరిగ నిలిచినది. దాని ప్రకారము అభియుక్తుడైన ఉద్యోగి వేరొక ప్రభుత్వోద్యోగిని సహాయకునిగ తెచ్చుకొనవచ్చును. విశ్రాంత ఉద్యోగియైనను సరే. న్యాయవాదిని మాత్రము రెండు సందర్భములందే తెచ్చుకొనవచ్చును: ప్రభుత్వ పక్షమున అభియోగమును నడపు ప్రెజెంటింగు ఆఫీసరు న్యాయవాదియైనపుడు, లేదా పరిస్థితులను గమనించి శిక్షాధికారి అనుమతించినపుడు. మొదటిది హక్కు, రెండవది దయ. ఆ మొదటి హక్కు గూడ ఎదుటిపక్షపు చేతిలోనే యున్నది.

4. కర్మాగారపు గడప

ప్రభుత్వోద్యోగికి 311వ అధికరణ మున్నది. కర్మాగార కార్మికునికి అదియు లేదు. 2025 వరకు అతనికి ఆధారముగ నున్నవి 1946 నాటి స్టాండింగు ఆర్డర్ల చట్టమును, 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టమును. స్టాండింగు ఆర్డర్లనగా పనిస్థలమునందలి కట్టుబాట్లను వ్రాసి, అధికారిచే ధ్రువీకరింపజేసిన పత్రము. నేరమేదో, శిక్ష యేదో, విచారణ యెట్లు జరుగవలెనో అందుండును.

కార్మికుడు తన సంఘ ప్రతినిధిని విచారణకు వెంట తెచ్చుకొనవచ్చునా యను ప్రశ్న టాటా లోకోమోటివు సంస్థ కార్మికుల కేసున సుప్రీంకోర్టు ముందునకు వచ్చెను. 1960లో వెలువడిన ఆ తీర్పు అట్టి హక్కు లేదనినది. దానికి చూపిన కారణము ఆలోచింపదగినది. ఇంటివిచారణలలో తేలవలసినవి సామాన్యమైన వాస్తవములు. ఫలానా పని జరిగినదా లేదా యనునంతే. పనిస్థలపు పరిస్థితులు తెలిసి, ఓపాటి తెలివిగల మనుష్యుడు సూటిగ ప్రశ్నించి నిజమును రాబట్టగలడు. పైగా పెక్కుసారులు అభియుక్తుడైన కార్మికుడే ఆ పనికి తగినవాడు. పిదప డన్‌లప్ రబ్బరు సంస్థ కేసున ఇదియే స్థిరపడెను: స్టాండింగు ఆర్డర్లు ఇచ్చినంత మేరకే తోడు, ఇయ్యనిచో లేదు.

ఆ తర్కమున కొంత సత్యము కలదు. యంత్రమువద్ద ఏమి జరిగినదో కార్మికునికి తెలిసినంతగ వకీలునకు తెలియదు. కాని ఆ తర్కము ఒక విషయమును మరచినది. నిజము తెలిసియుండుట వేరు. దానిని అధికారి యెదుట, తన అన్నము పోవునను భయముతో, ప్రశ్నల రూపమున బయటికి తెచ్చుట వేరు. ప్రతిపరీక్ష యనునది విద్య. దానిని నేర్చుకొనుటకు వకీళ్ళకే సంవత్సరములు పట్టును. పైగా పై అధికారియే సాక్షియైనపుడు, అతని నడుగవలసిన ప్రశ్నను అతని క్రింద పనిచేయువాడు అడుగుటకు నోరాడదు. తెలుగు మాత్రమే వచ్చి, కన్నడమునగాని ఆంగ్లమునగాని వ్రాయబడిన అభియోగపత్రమును చేతబట్టుకొనిన పావగడ ప్రాంతపు పనివానికి ఈ కష్టము రెట్టింపు. అతనికి తోడనగా మొదట చదివి చెప్పువాడు.

5. త్రాసు కొంత సరియైన కాలము

1972లో మార్పు మొదలాయెను. కొచ్చిన్ కస్టమ్సు ఉద్యోగి యొకని కేసున ప్రభుత్వ పక్షమున అభియోగమును నడపినవాడు ఆ పనియందు శిక్షణ పొందిన ప్రాసిక్యూటరు. అట్టివాని నెదుర్కొనుటకు న్యాయవాది కావలెనని ఉద్యోగి కోరగా అధికారులు నిరాకరించిరి. అది సముచితమైన అవకాశమును నిరాకరించుటయే యని సుప్రీంకోర్టు నిర్ణయించినది.

1982 నాటి బొంబాయి పోర్టు ట్రస్టు కేసు ఈ చరిత్రలో మైలురాయి. పోర్టు సంస్థ తన న్యాయశాఖ అధికారులను అభియోగము నడపుటకు నియమించి, ఉద్యోగికి మాత్రము న్యాయవాదిని నిరాకరించెను. జస్టిస్ డి. ఎ. దేశాయి ఆ తీర్పున పాత తర్కమును ప్రశ్నించిరి. యజమాని తన పక్షమున చట్టములో ఆరితేరినవానిని నిలిపి, ఉద్యోగిని ఒంటరిగ నిలిపిన యెడల త్రాసు మొదటినుండియే మొగ్గియున్నట్లు. అట్టి స్థితిలో న్యాయవాదిని కోరిన ఉద్యోగికి కాదనుట సహజన్యాయ సూత్రములను భంగపరచుటయే యని వారు తేల్చిరి. ఉద్యోగి పేరుప్రతిష్ఠలును, జీవనోపాధియు 21వ అధికరణము కాపాడు జీవితమున భాగములని గూడ ఆ తీర్పు గుర్తించినది.

1991లో న్యాయనివేదికలలో ప్రకటితమైన హర్యానా సీడ్సు సంస్థ కేసున ఈ సూత్రము బలపడెను. ఆ తీర్పు నిచ్చినవారు జస్టిస్ ఎం. ఎన్. వెంకటాచలయ్య. బెంగుళూరున న్యాయవాదియై, కర్ణాటక హైకోర్టు న్యాయమూర్తియై, 1993-94లో భారత ప్రధాన న్యాయమూర్తి పదవి నలంకరించినవారు. నియమము అధికారికి విచక్షణ నిచ్చినపుడు ఆ విచక్షణ గూడ న్యాయముగ వినియోగింపబడవలె ననియు, ఎదుట చట్టజ్ఞుడున్నపుడు ఉద్యోగికి తోడు నిరాకరింపరాదనియు ఆ తీర్పు చెప్పినది.

అయినను ఈ గాలి ఎంతోకాలము వీచలేదు. 1992లో క్రెసెంటు డైస్ సంస్థ కేసున సుప్రీంకోర్టు మరల హద్దు గీచినది: విచారణలో ప్రతినిధిని పెట్టుకొను నిరపేక్షమైన హక్కు ఈ దేశపు చట్టమున లేదు, చట్టముగాని, నియమముగాని, స్టాండింగు ఆర్డరుగాని ఇచ్చినదే హక్కు, ఆ మూలమే దానిని కుదింపను వచ్చును.

తెలుగునాట ఈ హద్దు స్పష్టముగ కనుపించినది నేషనల్ సీడ్సు కార్పొరేషను కేసునందు. ఆ సంస్థ ఉద్యోగి యొకడు తన విచారణలో న్యాయవాదిని కోరెను. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అతని పక్షమున తీర్పు నిచ్చెను. సంస్థ అప్పీలు చేయగా 2006లో సుప్రీంకోర్టు ఆ తీర్పును త్రోసిపుచ్చెను. సంస్థ పక్షమున అభియోగము నడపువాడు న్యాయవాది కానపుడు ఉద్యోగి న్యాయవాదిని హక్కుగ కోరజాలడనునది ఆ నిర్ణయపు సారము. హైకోర్టు ఉద్యోగి అవసరమును చూచినది. సుప్రీంకోర్టు యజమాని యేర్పాటును చూచినది. నీడ యను పోలికకు ఇంతకన్న నిదర్శన మక్కరలేదు.

6. మొదటి విచారణయే కడపటి విచారణ

విచారణలో అన్యాయము జరిగిన యెడల పిదప న్యాయస్థాన మున్నదిగదా యని కొందరనవచ్చును. ఈ ఊరటలో ఎంత నిజమున్నదో చూడవలెను.

ఆంధ్రప్రదేశ ప్రభుత్వమునకును, ఒక పోలీసు సబిన్‌స్పెక్టరునకును నడుమ 1963లో సుప్రీంకోర్టు పరిష్కరించిన కేసు శ్రీరామారావు కేసని న్యాయగ్రంథములలో ప్రసిద్ధము. శాఖావిచారణపై హైకోర్టు అప్పీలు కోర్టు కాదని ఆ తీర్పు చెప్పినది. కొంత సాక్ష్యమున్నచాలును, దాని బలాబలములను హైకోర్టు మరల తూచదు. విచారణ జరిపినవానికి అధికారమున్నదా, పద్ధతి పాటింపబడినదా, సహజన్యాయము నిలిచినదా యని మాత్రమే చూచును. కార్మికుల విషయమున 1971లో చేర్చిన 11-ఎ విభాగము లేబరు కోర్టులకు సాక్ష్యమును తిరిగి పరిశీలించు అధికారము నిచ్చినది గాని, ప్రభుత్వోద్యోగికి ఆ సౌకర్యము లేదు.

దీని పర్యవసానము గంభీరమైనది. విచారణ గదిలో అడుగక విడిచిన ప్రశ్న శాశ్వతముగ అడుగనిదే యగును. అచట చూపని కాగితము ఎన్నటికిని చూపని కాగితమే. పై కోర్టున ఎంత గొప్ప వకీలును పెట్టుకొనినను అతడు ఆ రికార్డును దాటి పోజాలడు. కావున వకీలు నిజముగ కావలసినది కడపటి మెట్టున కాదు, మొదటి మెట్టున.

తోడు ఒక్కటియే చాలదనుటకును తెలుగువా రెరిగిన రెండు కేసులు సాక్ష్యము పలుకుచున్నవి. మొదటిది హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను కేసు. 1993 అక్టోబరు 1వ తేదీన ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనము ఆ తీర్పు నిచ్చెను. ప్రధాన న్యాయమూర్తి వెంకటాచలయ్యగారితోపాటు తెలుగువారైన జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ బి. పి. జీవన్‌రెడ్డి ఆ ధర్మాసనమున నుండిరి. విచారణాధికారి నివేదిక ప్రతిని ఉద్యోగికి ముందుగ నిచ్చి అతని సమాధానము వినక శిక్ష విధింపరాదని ఆ తీర్పు. అంతకుముందు తన్ను దోషిగ నిర్ణయించిన కాగితమును చూడకయే ఇంటికి పోయిన ఉద్యోగులు అనేకులు.

రెండవది కోలారు బంగారు గనులది. భారత్ గోల్డ్ మైన్సు సంస్థ తన భద్రతాధికారిని సస్పెండు చేసి, జీవనభృతి చెల్లింపక విచారణ నడపెను. చేత కాసు లేక అతడు హాజరు కాజాలకపోగా, అతడు లేకయే విచారణ ముగించి తొలగించెను. 1999లో సుప్రీంకోర్టు ఆ తొలగింపును రద్దు చేసినది. తిండికి లేనివానికి విచారణకు వచ్చుటయే సాధ్యము కానపుడు వకీలును పెట్టుకొనుట యెట్లు? తోడు అను హక్కునకు జీవనభృతి పునాది, నివేదిక ప్రతి పైకప్పు.

7. ఇతర దేశముల రీతి

తెలుగువారు నేడు పెక్కు దేశములలో కొలువులు చేయుచున్నారు గనుక అచటి రీతులను గూడ తెలిసికొనుట మంచిది. ఇంగ్లండున 1968లో పెట్ అను కుక్కపందెముల శిక్షకుని కేసున లార్డ్ డెన్నింగు, మనుష్యుని పేరును బ్రతుకుతెరువును పణముగ పెట్టిన విచారణలో తన మాట తాను చెప్పుకొనలేనివానికి వకీలుచే చెప్పించుకొను హక్కుండవలె ననిరి. మరుసటియేట అదే వ్యాజ్యమున వేరొక న్యాయమూర్తి దానిని అంగీకరింపలేదు. చివరకు 1999 నాటి చట్టము మధ్యేమార్గమును పట్టినది. అచటి కార్మికుడు తోడి ఉద్యోగినిగాని, కార్మికసంఘపు ప్రతినిధినిగాని హక్కుగ వెంట తీసికొని పోవచ్చును. ఆ తోడు సభలో మాటలాడవచ్చును, కార్మికునితో సంప్రదింపవచ్చును. అతనికి బదులుగ ప్రశ్నలకు జవాబు మాత్రము చెప్పరాదు. అమెరికాలో 1975 నాటి వైన్‌గార్టెన్ తీర్పు, శిక్షకు దారితీయగల ప్రశ్నోత్తరములకు యజమాని పిలిచినపుడు సంఘప్రతినిధిని రప్పించుకొను హక్కు నిచ్చినది. ఐతే సంఘము కలిగిన పనిస్థలములలోనే అది చెల్లును.

ఈ దేశములు గూడ వకీలును సర్వత్ర హక్కుగ ఈయలేదు. కాని అచట తోడు అనునది కార్మికుని హక్కుగ మొదలగును. ఇచట అది యజమాని చర్యకు ప్రతిచర్యగ మొదలగును. భేదమంతయు ఇందే యున్నది.

8. ఉభయపక్షముల వాదములు

వకీళ్ళను రానిచ్చుటకు వ్యతిరేకముగ చెప్పు మాటలను తేలికగ త్రోసివేయరాదు. వకీలు వచ్చిన యెడల ఇంటి విషయము కోర్టు వ్యాజ్యమగును, వాయిదాలు పెరుగును, సస్పెన్షనులో నున్న ఉద్యోగికే ఆలస్యము నష్టము. అంతకన్న బలమైనది మరియొకటి: ధనమున్న ఉద్యోగి గొప్ప వకీలును తెచ్చుకొనును, గడ్డి కోయువాడు తెచ్చుకొనజాలడు. పారిశ్రామిక వివాదముల చట్టపు 36వ విభాగము లేబరు కోర్టులలో సయితము ఎదుటిపక్షపు అంగీకారము, కోర్టు అనుమతి లేనిదే వకీలు రారాదనినందుకు ఇట్టి భయమే కారణమాయెను.

ఈ వాదములలోని సత్యము వకీలును నిషేధించుటకు చాలదు గాని, పేదవానికి వకీలుకన్న ముందు వేరొక తోడు అవసరమని చూపుచున్నది. ఆ తోడు చదువుకొనిన సహోద్యోగి కావచ్చును, సంఘపు కార్యకర్త కావచ్చును, విశ్రాంత ఉద్యోగి కావచ్చును. సామాన్యమైన అభియోగమునకు అట్టివాడు చాలును. అభియోగము క్లిష్టమై, శిక్ష బర్తరఫు కాగలదైనపుడు మాత్రము ఎదుట ఎవరున్నారను దానితో నిమిత్తము లేక వకీలునకు అనుమతి యుండుట న్యాయము. కొలమానము యజమాని యేర్పాటు కాక ఉద్యోగికి కలుగబోవు నష్టము కావలెను.

9. నేటి తిరుమణి

ఈ చరిత్ర యంతయు విచారణ యనునది జరుగువారిని గూర్చినది. విచారణయే లేనివారి మాట యేమి? కాంట్రాక్టరు క్రింద పనిచేయు కాపలాదారునకు అభియోగపత్రము రాదు. రేపటినుండి రావద్దను మాట వచ్చును. అతనికి యజమాని విద్యుత్ సంస్థ కాదు, కాంట్రాక్టరు. 1946 నాటి చట్టము సామాన్యముగ 100 మంది కార్మికులున్న పనిస్థలములకు వర్తించెను. దానిని, 1947 నాటి చట్టమును తనలో కలుపుకొని 2025 నవంబరు 21న అమలునకు వచ్చిన పారిశ్రామిక సంబంధముల కోడు, స్టాండింగు ఆర్డర్ల విధిని 300 మంది, అంతకు మించినవారు ఉన్న పనిస్థలములకు పరిమితము చేసినది. సస్పెండైనవాని విచారణ సామాన్యముగ 90 దినములలో ముగియవలెనని, మొదటి 90 దినములకు వేతనములో సగము జీవనభృతిగ నీయవలెనని అది చెప్పుట మేలే. కాని ఆ మేలు ఆ సంఖ్యకు పైబడిన పనిస్థలములకే. సౌరక్షేత్రమున పలకలు వేలకు వేలు. ఒక్కొక్క కాంట్రాక్టరు క్రింది మనుష్యులు కొలదిమంది. వ్రాసిన కట్టుబాట్లు లేనిచోట తోడు హక్కునకు నిలువ నీడ లేదు.

అయినను ఒక దారి తెరచియే యున్నది. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, పారిశ్రామిక కార్మికులకు ఉచిత న్యాయసహాయము నిచ్చుచున్నది. ఆ చట్టపు భాషలో న్యాయసేవ యనగా కోర్టున వాదించుట మాత్రమే కాదు, న్యాయ విషయములపై సలహా ఇచ్చుట గూడ. తాలూకా న్యాయసేవా సమితి ద్వారమున ఈ సలహా రుసుము లేక లభించును. విచారణ గదిలోనికి వకీలు రాలేకపోయినను, సంజాయిషీ వ్రాయుటకు ముందు వకీలు మాట వినవచ్చును. పెక్కు ఉద్యోగములు విచారణలో కాక, భయముతో తెల్లకాగితముపై పెట్టిన సంతకముతోనే పోవును. అభియోగపత్రమును తనకు తెలిసిన భాషలో చదివించుకొనుట, కోరిన కాగితముల జాబితాను వ్రాసి ఇచ్చుట, సహాయకుని గాని న్యాయవాదిని గాని కోరుచు వ్రాతమూలకముగ అర్జీ పెట్టి దాని నకలును దాచుకొనుట – ఇవి చిన్న పనులు. కాని అర్జీయే పెట్టనివానికి నిరాకరణ జరిగినదని పై కోర్టున చెప్పుకొనుటకు ఆధార ముండదు. 1972లోను, 1982లోను గెలిచిన ఉద్యోగులు మొదట వకీలును కోరినవారే.

మద్రాసు ముద్రణాలయపు ఉద్యోగికి 1936లో హామీ మాత్రము దక్కినది. రాజ్యాంగము ఆ హామీని హక్కుగ మార్చినది. న్యాయస్థానములు ఆ హక్కునకు కొన్నివేళల తోడు నిచ్చినవి, కొన్నివేళల ఇయ్యలేదు. ఇక మిగిలినది ఆ తోడును యజమాని నీడనుండి తప్పించి, ఉద్యోగి అవసరముపై నిలుపుట. అది శాసనకర్తలు చేయవలసిన పని. అంతవరకు చదువ నేర్చినవారు చదువనివాని ప్రక్కన కూర్చుండి అతని మెమోను చదివి చెప్పుట తిరుమణిలోనైనను, తెలుగువారున్న మరి యే ఊరనైనను చేయదగిన పని.